దేహమును గాయపరచు ఆవేగము – దానిని దాటు మార్గములు

బాధ కలిగినవాడు ఏడ్చును, కోపము వచ్చినవాడు కేకలు వేయును, భయపడినవాడు పారిపోవును. ఇవి లోకమెరిగిన విషయములే. కాని ఏడువక, కేక వేయక, ఎవరికిని చెప్పక, తలుపు మూసికొని తన దేహమును తానే గాయపరచుకొనువారును కలరు. ఈ మాట వినుటయే పెద్దలకు కష్టము. కావుననే ఇండ్లలో దీనిని ఎవరును ప్రస్తావింపరు. ప్రస్తావింపకపోవుట చేత ఈ బాధ తగ్గినదా? తగ్గలేదు. మరింత లోపలికి పోయి దాగినది.

ఇది ఎక్కడనో, ఎవరికో కలుగు వింత వ్యాధి యని తలచుట సరికాదు. వివిధ దేశములలో జరిగిన పరిశీలనలను ఒకచోట కూర్చి 2014లో లెక్క చూచినప్పుడు, సామాన్య జీవితము గడపుచున్న కిశోర వయస్కులలో నూటికి సుమారు 17 మంది, చావవలెనను తలంపు లేకయే, జీవితములో ఒకమారైనను తమను తాము గాయపరచుకొన్నట్లు తేలినది. వయసు వచ్చినవారిలో ఈ సంఖ్య నూటికి అయిదారుకు తగ్గినది. ఆరంభము తరచుగా 12 మొదలు 14 ఏండ్ల నడుమ జరుగును. ఆడపిల్లలలోను, మగపిల్లలలోను, చదువులో వెనుకబడినవారిలోను, తరగతిలో మొదటి స్థానమున నిలుచువారిలోను ఇది కలదు. బుద్ధిమంతుడని, ఎదురు చెప్పనివాడని ఊరంతయు మెచ్చుకొను పిల్లవాని విషయములో పెద్దలు మరింత తేలికగా మోసపోవుదురు. ఏలయన, ఎదురు చెప్పుట నేర్వని పిల్లవాని కోపమునకు పోవుటకు వేరొక చోటు ఉండదు.

ఇక్కడ రెండు విషయములను వేరు చేసి చూడవలెను. ప్రాణము తీసికొనవలెనను సంకల్పము ఒకటి. ప్రాణము మీద ఆశ ఉండియు, భరింపరాని మనోబాధను ఆ క్షణమునకు తగ్గించుకొనుటకై దేహమును నొప్పించుకొనుట రెండవది. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో వెలువరించిన రోగనిర్ణయ గ్రంథములో ఈ రెండవదానిని విడిగా పేర్కొని, ఇంకను పరిశీలింపవలసిన స్థితులలో చేర్చినది. రెండును వేరైనను, వాటి నడుమ గోడ యేమియు లేదు. తన్ను గాయపరచుకొనుట అలవాటైనవారికి కాలక్రమమున ఆత్మహత్యా ప్రమాదము ఇతరులకంటె అధికమని వైద్యులు గుర్తించియున్నారు. కావున ‘చావాలని కాదుగదా, పోనిండు’ అని ఉపేక్షించుట ఎంత తప్పో, ‘వీడు చచ్చిపోవుచున్నాడు’ అని ఇల్లంతయు గగ్గోలు చేయుట అంత తప్పు.

ఆవేగము పని చేయు తీరు

మనస్సులో ఒత్తిడి పెరుగును. అది అవమానము కావచ్చును, తన మీద తనకు కలిగిన ద్వేషము కావచ్చును, పైకి చెప్పుకొనరాని కోపము కావచ్చును. కొందరికి దీనికి విరుద్ధముగా ఏ భావమును తెలియని మొద్దుబారిన స్థితి కలుగును. తాము బ్రతికియున్నారో లేదో వారికే అనుమానము తోచును. అట్టి వేళ దేహమునకు తగిలిన నొప్పి మనస్సును ఒక్కమారు అటునుండి ఇటు త్రిప్పును. కొంతసేపు ఊరట కలిగినట్లుండును. ఈ కొంతసేపటి ఊరటయే ఉచ్చు. అది తీరిన వెంటనే సిగ్గు, పశ్చాత్తాపము, ఎవరైన చూతురేమో అను భయము వచ్చి చేరును. ఆ సిగ్గే మరునాటి ఒత్తిడికి మూలధనమగును. అప్పు తీర్చుటకు మరల అప్పు చేయువాని వడ్డీవలె బాధ పెరుగుచునే పోవును. మొదట చిక్కిన ఊరట తరువాత చిక్కదు.

2004లో మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టీన్ అను అమెరికా పరిశోధకులు ఈ పనికి గల కారణములను విచారించి, దానివలన మనిషి కోరునవి నాలుగు విధములని చెప్పిరి. లోపలి బాధను తొలగించుకొనుట, మొద్దుబారిన స్థితిలో ఏదో ఒక అనుభూతిని కలిగించుకొనుట, ఇతరులకు తన స్థితిని తెలుపుట, ఇతరుల నుండి వచ్చు ఒత్తిడిని తప్పించుకొనుట. ఈ నాలుగింటిలో అత్యధికముగా కనబడునది మొదటిదే. ‘అందరి దృష్టిలో పడుటకై చేయుచున్నది’ అని చుట్టములు తేలికగా అనుమాట ఈ విచారణ ముందు నిలువదు. దృష్టిలో పడగోరువారు గాయమును దాచరు. వీరు ఎండకాలములోను పొడుగు చేతుల చొక్కా విడువరు, పెండ్లిళ్లకు రమ్మన్న తలనొప్పియందురు, స్నానాల గదిలో గంటలు గడపుదురు. నిజముగా ఒకరి దృష్టిని కోరియే చేసినను, నోటితో అడుగలేక దేహముతో అడుగవలసిన దుస్థితి వచ్చినవానికి ఆ దృష్టి అవసరమే కదా!

తెలుగునాట ఈ ఒత్తిడికి పుట్టినిల్లు ఏదియో వెదుకుటకు దూరము పోనక్కరలేదు. పదవ తరగతి ముగియగనే పదునైదు పదునారేండ్ల బిడ్డను ఇంటినుండి తీసి రెసిడెన్షియల్ కళాశాల హాస్టలులో చేర్తురు. తెల్లవారక మునుపే లేపుదురు, రాత్రి పొద్దుపోవువరకు స్టడీ అవర్లు. వారము వారము పరీక్ష, దాని వెంట ర్యాంకు, ర్యాంకును బట్టి సెక్షను మార్పు. ఫోనులో తల్లిదండ్రులతో మాటలాడుటకు దొరకునది కొన్ని నిమిషములు. ఆ కొన్ని నిమిషములలోను తండ్రి అడుగు మొదటి ప్రశ్న ‘మార్కులెన్ని?’ అని. ఊరిలో ఎకరమమ్మి ఫీజు కట్టిన సంగతి ఆ బిడ్డకు తెలియును. ‘నాకు ఇక్కడ ఊపిరాడుటలేదు’ అని చెప్పుటకు నోరు రాదు. ఇట్టి బిడ్డ తన మీద తానే కక్ష తీర్చుకొనుట ప్రారంభించినచో, దానిని ఆ బిడ్డ యొక్క బలహీనతగా మాత్రమే లెక్కించుట న్యాయము కాదు. చదువుకొనువారే కాదు, క్రొత్తగా కాపురమునకు వచ్చి పుట్టింటికి మాట చేరవేయలేని కోడలు, అప్పుల నడుమ చిక్కిన యువకుడు, తాగి వచ్చు తండ్రిని చూచుచు పెరిగిన పిల్లవాడు కూడ ఈ త్రోవ త్రొక్కుట కలదు.

భక్తి పేరున చేయు పొరపాటు

శైవ సంప్రదాయములో పెరిగినవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. దానిని దాటవేయుట తగదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణములోను, ఇతర శైవ కావ్యములలోను, తమ దేహమును లక్ష్యపెట్టని భక్తుల కథలు కలవు. శ్రీకాళహస్తిలోని తిన్నని కథ వినని తెలుగువాడుండడు. మనస్సులో పాపభీతితో నలుగుచున్న పిల్లవానికి ఈ కథలు అపార్థముగా తోచు ప్రమాదమున్నది. ‘కన్నిచ్చినవాడు కన్నప్ప యైనాడు, నన్ను నేను దండించుకొన్న నా దోషము పోవును’ అని వాడు తలపవచ్చును.

కథను జాగ్రత్తగా చదివినచో అందలి విషయము దీనికి పూర్తిగా విరుద్ధము. తిన్నడు తన మనోబాధను తప్పించుకొనుటకు ఆ పని చేయలేదు. తనను ద్వేషించుకొని చేయలేదు. ఎదుట రక్తము కారుచున్న కన్ను చూచి, వేరు మందు ఎరుగక, ప్రేమ చేత చేసెను. ఆ ప్రేమను కూడ శివుడు చివరివరకు సాగనీయలేదు. రెండవ కంటి వేళకు తానే ప్రత్యక్షమై వారించెను. పురాణ కథను అనుకరణకై ఇచ్చిన విధిగా తీసికొనరాదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అవసరము లేదు. దేహమును దేవాలయముగా భావించుట బసవేశ్వరుని బోధలో ప్రధానమైనది. దయ లేనిచోట ధర్మము లేదనుట ఆయన నిలిపిన మాట. ఆ దయకు పాత్రమైన ప్రాణుల పట్టికలో తన దేహమును మాత్రము చేర్చకుండ విడిచిపెట్టుట ఏ తర్కము?

అయితే ఈ ఉపదేశమునే కొరడాగా వాడు పెద్దలు కలరు. ‘ఇష్టలింగమును పట్టు చేతికి ఇట్టి పని చేసితివా? లింగధారివై యుండి ఎంత అపచారము!’ అని గదమాయింతురు. వారి బాధ నిజమైనదే. కాని సిగ్గు చేతనే ఈ ఆవేగము పెరుగునని పైన చూచితిమి. అందుపై దైవాపచారమను భయమును కూడ మోపినచో ఆ బిడ్డ పూజ మానును, లేక గాయమును మరింత నేర్పుతో దాచును. ఈ రెండింటిలో ఏది జరిగినను పెద్దలకు తెలియదు. అరచేతిలో ఇష్టలింగమును ఉంచుకొని దృష్టి నిలుపుట అలవాటున్నవారికి అది మనస్సును నిలుకడ చేయు సాధనమే. కాని అది ఆ బిడ్డ తనంతట కోరినప్పుడు మాత్రమే. శిక్షగా కూర్చుండబెట్టి చేయించినప్పుడు కాదు.

కాయకమును గూర్చియు ఇట్లే. చేతులకు పని కల్పించుట మంచి మందు. కాని నిద్ర మాని, తిండి మాని పనిలో తన్ను అరగదీసికొనుట వేరొక రూపమున అదే హింస.

అల వచ్చినప్పుడు

ఈ ఆవేగము ఎంత బలముగా నున్నను ఎల్లకాలము అదే ఎత్తున నిలువదు. అలవలె లేచును, శిఖరమునకు చేరును, తరువాత దానంతట అదియే దిగును. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన అలన్ మార్లట్, మద్యము మొదలైన వ్యసనములను మానగోరువారికై ఈ అల ఉపమానమును వాడుకలోనికి తెచ్చెను. అలను ఎదిరించి నిలుచువాడు పడిపోవును. దానితో కొట్టుకొనిపోవువాడు మునుగును. దానిపై తేలువాడు ఒడ్డు చేరును. ‘నాకు ఇప్పుడు ఈ కోరిక కలిగినది, ఇది గుండెలో ఇక్కడ బిగించుచున్నది, ఇది పోవును’ అని దానిని పేరు పెట్టి గమనించుటయే తేలుట. ఇప్పటికి పదునైదు నిమిషములు మాత్రము ఆగుదునని నిశ్చయించుకొనవలెను. జన్మలో మరల చేయనని ఒట్టు పెట్టుకొనుట కంటె ఇది చిన్న పని, చేయదగిన పని. పదునైదు నిమిషములు గడచిన తరువాత మరల పదునైదు.

ఆ సమయములో చేయవలసిన మొదటి పని చోటు మార్చుట. మూసిన గది విడిచి నలుగురున్న చోటికి, వాకిలి అరుగు మీదికి, వంటింటిలోనికి రావలెను. అక్కడ ఎవరితోను ఏమియు చెప్పకపోయినను సరియే. చల్లని నీటితో ముఖము కడుగుకొనుట, తడి తువాలు ముఖము మీద కొంతసేపు ఉంచుకొనుట గుండెదడను తగ్గించును. ముఖమునకు చల్లదనము తగిలినప్పుడు నాడి నెమ్మదించుట దేహమునకు పుట్టుకతో వచ్చిన ధర్మము. (హృద్రోగమున్నవారు వైద్యుని అడిగి చేయవలెను.) శ్వాస విషయములో ఒక చిన్న మెలకువ కలదు. గట్టిగా లోపలికి పీల్చుటలో లాభము లేదు, వదలుటలో ఉన్నది. నాలుగు అంకెలు లెక్కించుచు పీల్చి, ఆరేడు అంకెల వరకు మెల్లగా వదలినచో దేహము శాంతించును. కొందరికి కూర్చుండి శ్వాస గమనించిన ఆందోళన ఎక్కువగును. అట్టివారు నడవవలెను, మెట్లెక్కి దిగవలెను, బావి నీరు తోడవలెను, బట్టలు ఉదుకవలెను. కోపము పాలు ఎక్కువగా నున్నప్పుడు చేతులకును కాళ్లకును శ్రమ కలిగించు పనియే హితము.

మొద్దుబారిన స్థితి వేరు. దానికి ఇంద్రియములను మేల్కొలుపు ఉపాయము కావలెను. చుట్టునున్న అయిదు వస్తువులను చూచి పేర్లు చెప్పుకొనుట, వినబడు నాలుగు ధ్వనులను గుర్తించుట, కొద్దిగా అల్లము గాని ఉసిరికాయ గాని నమలుట, విభూతి గాని కర్పూరము గాని వాసన చూచుట వంటివి పనికివచ్చును. సిగ్గు, ఆత్మనింద అధికమైనప్పుడు మాత్రము ఒంటరిగా చేయు ఉపాయములు చాలవు. సిగ్గు గాలి తగిలినగాని ఎండదు. అప్పుడు ఒక మనిషి కావలెను.

పెద్ద నొప్పికి బదులు చిన్న నొప్పి కలిగించుకొనుమని సలహా నిచ్చువారు కొందరు కలరు. ఇది మంచి సలహా కాదు. బాధకు నొప్పియే మందు అను పాత పాఠమును అది మరల నేర్పును.

వ్రాత అలవాటున్నవారు మనస్సులోనిది కాగితము మీద పెట్టి, తరువాత చించివేయవచ్చును. బొమ్మలు వేయవచ్చును, పాట పాడవచ్చును. ఏది పనికివచ్చునో ఎవరికి వారే కనిపెట్టవలసినది. ముఖ్యమేమనగా, ఈ ఏర్పాటు ఆవేగము లేని వేళ జరుగవలెను. అల మీదికి వచ్చినప్పుడు ఆలోచన పారదు. కావున ఒక చిన్న చీటీ మీద, ఏయే పరిస్థితులలో తనకు ఇది కలుగుచున్నదో, అప్పుడు తాను చేయదలచిన రెండు మూడు పనులేవో, ఫోను చేయదగిన ఇద్దరు ముగ్గురి నంబర్లేవో ముందే వ్రాసి పెట్టుకొనవలెను. తనను నొప్పించుకొనుటకు వాడు వస్తువులను గదిలోనుండి తీసి వేరొకరికి అప్పగించుట ఎంతయో మేలు. ఇంటిలో పొలమునకై తెచ్చిన పురుగుమందులు, పెద్దల మాత్రలు ఉన్నచో వాటిని తాళము వేసిన పెట్టెలో నుంచుట ఆ ఇంటి పెద్దల బాధ్యత. తాళపుచెవి గోడ మేకుకు తగిలించినచో తాళము వేసియు ప్రయోజనము లేదు.

ఒక వైద్యురాలి కథ

ఈ రంగములో నేడు లోకమంతట వాడుకలో నున్న చికిత్సా పద్ధతులలో ముఖ్యమైనది ఒకటి మార్షా లినెహాన్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త నిర్మించినది. తీవ్రమైన ఆవేగములతో తమను గాయపరచుకొను స్త్రీలపై ఈ పద్ధతిని ప్రయోగించి చూచిన ఫలితములను ఆమె 1991లో ప్రకటించెను. 1993లో గ్రంథము వెలువడినది. ఇందులో మాటల చికిత్సతో పాటు నాలుగు విద్యలు నేర్పుదురు. ప్రస్తుత క్షణమును తీర్పు చెప్పక గమనించుట, కష్టకాలమును మరింత చెడగొట్టుకొనకుండ దాటుట, భావములను నడపుకొనుట, ఇతరులతో తన అవసరమును మర్యాదగా, గట్టిగా చెప్పుట. ‘నిన్ను నీవున్నట్లే అంగీకరించుచున్నాము, అయినను నీవు మారవలెను’ అను రెండు మాటలను ఒకేసారి పట్టుకొనుట ఈ పద్ధతికి ప్రాణము.

ఆమె ఈ పద్ధతిని ఎక్కడ నేర్చెనో లోకమునకు చాలకాలము తెలియదు. 2011లో, అప్పటికి అరువది ఏండ్లు దాటిన లినెహాన్, హార్ట్‌ఫర్డ్ నగరములోని మానసిక వైద్యశాలకు పోయి, అక్కడి సభలో తన కథను తానే చెప్పెను. 1961లో, పదునేడేండ్ల వయసున, ఆమె అదే వైద్యశాలలో రోగిగా చేరియుండెను. తన్ను తాను తీవ్రముగా గాయపరచుకొను ఆ బాలికను రెండేండ్లకు పైగా అక్కడ ఉంచిరి. నాటి వైద్యమునకు ఆమె బాధను తీర్చు ఉపాయము తెలియదు. ఆ నరకమునుండి తాను బయటపడినచో తిరిగి వచ్చి ఇతరులను బయటికి తెచ్చెదనని ఆమె వ్రతము పట్టెను. ఆ వ్రతమునకు ఫలమే ఈ చికిత్స. ఆమె ఆ సంగతిని దాచియుంచినను ఎవరును తప్పుపట్టియుండరు. చెప్పుటవలన మాత్రము, ‘నావంటివారు బాగుపడుదురా?’ అని అడుగువారికి జవాబు దొరకినది.

బాగుపడుట అరుదైన విషయము కూడ కాదు. ఆస్ట్రేలియాలో రమారమి 1,900 మంది కిశోర వయస్కులను ఇరువది తొమ్మిదేండ్ల వయసు వరకు గమనించిన పరిశీలన ఒకటి 2012లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడినది. చిన్నతనమున తమను గాయపరచుకొన్నవారిలో పదింట తొమ్మండుగురు యౌవనమునకు వచ్చునప్పటికి ఆ పని మానియుండిరి. కాని ఈ అంకెను చూచి ‘వయసు వస్తే అదే పోతుంది’ అని కూర్చుండరాదు. ఆందోళన, దిగులు ఉన్నవారిలో అది నిలిచిపోవుట కూడ ఆ పరిశీలనలోనే కనబడినది. వారికి వైద్యము కావలెను.

ఇంటివారు చేయవలసినది

గాయము కంటబడిన క్షణమున తల్లిదండ్రులు ఏ మాట పలుకుదురో దాని మీద రాబోవు నెలలు ఆధారపడియుండును. ‘మేమేమి తక్కువ చేసితిమి?’ అను ప్రశ్న నాలుక చివర నుండును. దానిని మింగవలెను. ఆ ప్రశ్న బిడ్డ బాధను గూర్చినది కాదు, అడుగువారి బాధను గూర్చినది. ‘చేయి చూపుము’ అని అందరి ఎదుట గుంజుట, ఒట్టు వేయించుకొనుట, ఫోను లాగికొనుట, మేనమామలను పిలిచి పంచాయతి పెట్టుట వలన తలుపు మూసికొనును గాని తెరచుకొనదు. ముందు గాయమును కడిగి శుభ్రము చేయవలెను. లోతైనదైన వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను, ధనుర్వాతపు సూది మందు అవసరమో లేదో వైద్యుని అడుగవలెను. తరువాత, వేరెవరును లేని చోట, తల్లి ఇట్లనవచ్చును: ‘నీ చేయి చూశానమ్మా. నాకు కోపము లేదు. నీకు ఎంత కష్టముగా ఉంటే ఇట్లా చేసుకున్నావో నాకు తెలియదు. చెప్పాలనిపించినప్పుడు చెప్పు, వింటాను.’ ఇంతే చాలును. ఆ బిడ్డ ఆ దినమే జవాబు చెప్పకపోవచ్చును. నాలుగు దినముల తరువాత, పప్పు ఏరుచున్నప్పుడో బస్సులో పోవుచున్నప్పుడో, ఎదురెదురుగా కండ్లలోనికి చూడనక్కరలేని వేళ చెప్పును.

అడుగవలసిన మరియొక ప్రశ్న కలదు. దానిని అడుగుటకు అందరును భయపడుదురు. ‘చచ్చిపోవాలని ఎప్పుడైన అనిపించుచున్నదా?’ అని సూటిగా అడుగవలెను. అడిగినంత మాత్రమున లేని తలంపు పుట్టదు; వైద్యులు దీనిని పరీక్షించి చూచియున్నారు. ఉన్న తలంపును దాచి మోయువానికి ఆ ప్రశ్న బరువు దించిన ట్లుండును. అవునన్నచో ఒంటరిగా విడువరాదు, ఆ దినమే వైద్యుని దగ్గరకు పోవలెను, ప్రాణాపాయము కనబడిన 108 వాహనమును పిలువవలెను.

పన్నెండవ శతాబ్దమున కల్యాణములో అనుభవ మంటపము నడచినట్లు సంప్రదాయము చెప్పును. అక్కడ చాకలి, మంగలి, చెప్పులు కుట్టువాడు, స్త్రీలు, అందరును తమ అనుభవమును తమ మాటలలో చెప్పిరి, వినువారు వినిరి. అందు ఘనత ఎంత చెప్పువారిదో అంత వినువారిది. మఠములోని అయ్యవారి వద్దకు ఇట్టి బిడ్డను తీసికొనివచ్చినప్పుడు ఆయన చేయదగినదియు ఇదియే. వినవలెను, నిందింపకుండవలెను, పూజ పునస్కారములతో పాటు వైద్యుని దగ్గరకు పంపవలెను. బిడ్డ చెప్పిన సంగతిని ఊరిలో పొక్కనీయరాదు. కాని ప్రాణమునకు ముప్పున్నప్పుడు ఇంటివారికి చెప్పనని మాట ఈయరాదు. ఆ సంగతి బిడ్డకు ముందే తెలుపవలెను.

సహాయము దొరకు చోటులు, చట్టము

ఆసుపత్రికి తీసికొనిపోయినచో పోలీసు కేసగునేమో అను భయము పల్లెలలో నేటికిని బలముగా నున్నది. ఈ భయము చేత ఆలస్యమై పోయిన ప్రాణములెన్నియో. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 115వ సెక్షను, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నవాడుగానే భావింపబడవలెనని, అతనిని విచారించి శిక్షింపరాదని చెప్పుచున్నది. అతనికి వైద్యమును, పునరావాసమును కల్పించుట ప్రభుత్వము విధి యనియు విధించినది. ఇట్టి యత్నమును నేరముగా చూచిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షను, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. (ప్రభుత్వోద్యోగిని బెదిరించి పని చేయించుటకో, మానిపించుటకో చేసిన యత్నము మాత్రము వేరు.) చావు తలంపు లేక చేసికొన్న గాయము విషయములో ఈ భయమునకు మరింత ఆస్కారము లేదు.

కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను ఫోను సహాయమును ప్రారంభించినది. నంబరు 14416, లేదా 1800-891-4416. రాత్రింబవళ్లు పనిచేయును, ఖర్చు లేదు, తెలుగులో మాటలాడవచ్చును. బాధపడువారే కాదు, ఏమి చేయవలెనో తోచని తల్లిదండ్రులు, హాస్టలు వార్డెనులు కూడ అడుగవచ్చును. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. కాని మొదటి మెట్టుగా అంత దూరము పోనక్కరలేదు. వైద్య కళాశాలల ఆసుపత్రులలోను, పెక్కు జిల్లా ఆసుపత్రులలోను మానసిక వైద్య విభాగములున్నవి. మానసిక వైద్యుడు దిగులు, ఆందోళన వంటి మూలవ్యాధి కలదేమో చూచి అవసరమైన మందులిచ్చును. మనస్తత్వ నిపుణుడు మాటల ద్వారా చికిత్స చేయును. రెండును కావలసి యుండవచ్చును. ఎఱ్ఱగడ్డ పేరు చెప్పి ఎగతాళి చేయు పాడు అలవాటొకటి తెలుగునాట పాతుకొన్నది. దానివలన జరిగిన నష్టము ఇంతింత కాదు.

వైద్యము ఆరంభమైన తరువాత రెండు మూడు నెలలు బాగుండి, ఒక పరీక్ష ఫలితమో, ఇంటిలో ఒక కలహమో వచ్చి, మరల ఒకసారి జారుట కలదు. ఇంటివారు అంతయు వ్యర్థమైనదని కుంగుదురు. ఆ బిడ్డ అంతకంటె ఎక్కువ కుంగును. ఇన్ని నెలలు ఆగగలిగిన శక్తి ఆ ఒక్క రాత్రితో పోదు. ఆ దినమున ఏమి జరిగినది, ఎన్ని గంటలకు ఆవేగము మొదలైనది, చీటీలో వ్రాసిన ఉపాయములలో ఏది చేయుటకు వీలు కాలేదు, ఎవరికి ఫోను చేసిన ఎత్తలేదు అని, కోపము లేకుండ, వైద్యుని ఎదుట కూర్చుండి గుర్తు చేసికొనవలెను. చీటీలో ఒక పేరు తీసి వేరొకటి వ్రాయవలసి రావచ్చును. మందులను ఇంటివారు తమంతట మానిపింపరాదు. తరువాత ఎప్పుడు రావలెనో వైద్యుడు చెప్పిన తారీఖును క్యాలెండరులో గుర్తు పెట్టుకొని, ఆ దినము బిడ్డ వెంట ఇంటివారిలో ఒకరు పోవలెను.